చిన్న స్టడీలో ఉన్న ఎండ పెద్ద కాన్వాసు మీదికి ఎందుకు రాలేదు?

నెల్లూరు నుంచి ఒక పాఠకుడు రాసిన పెద్ద ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. ఆయనకు నలభై ఆరేళ్ళు. పదో తరగతి కాగానే సైన్‌బోర్డు పనిలో చేరారు. షాపుల పేర్లు, గోడల మీద ఎరువుల ప్రకటనలు, ఎన్నికలప్పుడు పార్టీ గుర్తులు, లారీల వెనక రాతలు, అన్నీ రాశారు. ఫ్లెక్సీలొచ్చి ఆ పని తుడిచిపెట్టుకుపోతే, అప్పు చేసి తనే ఒక ఫ్లెక్సీ మిషను పెట్టుకున్నారు. కరోనా రోజుల్లో షాపు మూసి ఇంట్లో కూర్చున్నప్పుడు ఆయిల్ రంగులు పట్టారు. అప్పట్నుంచి ఆరంగుళాలకు ఎనిమిదంగుళాల హార్డ్‌బోర్డు ముక్కలు కోసుకుని, సంతపేట, పెద్దబజారు, మూలాపేట, రంగనాయకులపేట వీధుల్లో ఓ పక్కన నిలబడి, వెలుతురు మారేలోగా ఒక్కో బొమ్మ ముగించుకొస్తున్నారు. చూస్తూ అక్కడికక్కడే వేసే ఇలాంటి చిన్న బొమ్మనే స్టడీ అంటారు. ఎప్పటికైనా వీటిని ఆధారం చేసుకుని పెద్ద బొమ్మలు వేయాలని ఆశ.

కౌంటరు వెనక ఆనించిన ఆ ముక్కల్లో ఒకటి ఒక డాక్టరుగారి కంట పడింది. ఏప్రిల్లో ఓ సాయంత్రం వేసిన రంగనాయకులపేట వీధి, చివరన గాలిగోపురం. ఆయన పుట్టి పెరిగిన వీధి అది. కొత్త ఆసుపత్రి హాల్లో పెట్టుకోవడానికి అదే బొమ్మను నాలుగడుగులకు ఆరడుగులు వేసిమ్మని ఇరవై వేలు అడ్వాన్సు ఇచ్చారు. సంక్రాంతికి కావాలి. వాళ్ళ నాన్నగారి కిరాణా కొట్టు బోర్డు కనిపించాలి, కరెంటు తీగలు కనిపించకూడదు.

మన పాఠకుడు ఇప్పటికి రెండు కాన్వాసులు వేసి రెండూ పక్కన పెట్టేశారు. "గళ్ళు గీసి పెంచడం నాకు కొత్త కాదు మాస్టారూ, ఇరవై అడుగుల గోడలు రాసినోణ్ణి. కానీ చిన్నదాంట్లో ఎండ ఉంది, పెద్దదాంట్లో పసుప్పచ్చ రంగు ఉంది" అని రాశారు. షాపు లెక్కలు చూసే భార్య బాధ వేరు: పెళ్ళిళ్ళ సీజన్లో పొద్దున్నే ఈయన వీధుల వెంట పోతే ఆర్డర్లు పక్క షాపుకు పోతున్నాయి, ఆ చిన్న బొమ్మలకు రెండేసి వేలు ఇస్తామనేవాళ్ళున్నారు, అమ్మితే పోలా అంటున్నారు. అమ్మితే రేపు పెద్ద బొమ్మలకు ఆధారం ఉండదని ఈయన భయం. బామ్మర్ది సలహా ఇంకోటి: "ఫోటో తీసి కాన్వాసు మీద ప్రింటు కొట్టు బావా, పైన నాలుగు బ్రష్షులు తిప్పు. ఎవురికి తెలుస్తాది?" అడ్వాన్సు తిరిగిచ్చేయాలా, తను చిన్న బొమ్మలకే పనికొచ్చే మనిషా అన్నది ఆయన ప్రశ్న.

*

చిన్నదాంట్లో ఎండ ఉంది, పెద్దదాంట్లో పసుప్పచ్చ రంగు ఉంది అన్నారే, ఆ తేడా కనిపెట్టగలిగిన కన్ను మీకుంది. చాలామందికి ఆ తేడా కనపడక, పెద్దదాన్నే మెచ్చుకుని గోడకు తగిలించుకుంటారు. కన్ను బాగానే ఉంది కాబట్టి, చెయ్యి ఎక్కడ తప్పిందో వెతుకుదాం.

ముందుగా కొలత. మీ స్టడీ ఆరుకు ఎనిమిది. ఎత్తును ఎనిమిది రెట్లు పెంచితే నాలుగడుగులు సరిపోతుంది, వెడల్పు మాత్రం అరవై నాలుగు అంగుళాలే వస్తుంది. డాక్టరుగారి కాన్వాసు వెడల్పు డెబ్బై రెండు. మిగిలిన ఎనిమిదంగుళాలు ఏం చేయాలో తోచక కుడిపక్క ఒక ఇల్లు చేర్చానని మీరే రాశారు. అక్కడే వీధి వదులైపోయింది. చిన్నదాంట్లో రెండు పక్కలా గోడలు దగ్గరకొచ్చి ఆ ఇరుకులోంచి గోపురం పైకి లేస్తోంది. చూసేవాళ్ళ చూపు వేరే దారి లేక అటే పోతుంది. ఇల్లు చేర్చాక చూపుకు ఇంకో దారి దొరికింది. కాబట్టి అయితే కాన్వాసు కొలత మార్చాలి, లేదా ఆరుకు తొమ్మిది అంగుళాల ముక్క మీద బొమ్మను మళ్ళీ కొత్తగా కూర్చుకోవాలి. ఆరుకు తొమ్మిది ఎనిమిది రెట్లయితే సరిగ్గా నాలుగుకు ఆరు అడుగులు.

రెండోది మీ చెయ్యి. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు చిక్కు ఇక్కడే ఉందని నా నమ్మకం. ఏళ్ళ తరబడి ఎనామిల్ పెయింటుతో అక్షరాలు రాసిన చెయ్యి మీది. అక్షరం అంచు కత్తితో కోసినట్టుండాలి, లోపల రంగు ఒకే తీరుగా పరుచుకోవాలి. ఆ చెయ్యి మీకు అన్నం పెట్టింది, దాని మీద నాకెంతో గౌరవం ఉంది. వీధిలో నిలబడి స్టడీ వేసేటప్పుడు ఆ చేతికి పని చెప్పే తీరిక మీకు లేదు. అర అంగుళం ఫ్లాట్ బ్రష్షు, అరగంట వెలుతురు, వెనక హారన్ కొట్టే ఆటో. గోడ అంచు నీడలోకి కరిగిపోతే కరిగిపోయింది, సరిచేసే టైము లేదు. షాపులో రాత్రి పది తర్వాత, పెద్ద కాన్వాసు ముందు, కావలసినంత తీరిక. దాంతో పాత చెయ్యి వచ్చేసింది. ప్రతి కిటికీకి అంచు, ప్రతి మెట్టుకు అంచు, గోపురం మీద ప్రతి అంతస్తుకూ అంచు. మీరు పంపిన ఫోటోలో గోపురం అంచు ఎంత పదునుగా ఉందో ముందున్న సైకిలు అంచూ అంతే పదునుగా ఉంది. దూరం, దగ్గర రెండూ ఒకే చోటికొచ్చేశాయి. వీధిలో లోతు పోయిందని మీకు అనిపించడానికి కారణం అదే.

ఇంకో లెక్క చూడండి. చిన్నదాంట్లో అర అంగుళం బ్రష్షు ఒక్క ఊపులో వేసిన గోడ, పెద్దదాంట్లో నాలుగంగుళాల బ్రష్షుతో వేయాల్సిన గోడ. మీరేమో అదే అర అంగుళం బ్రష్షు వాడారు. చిన్నదాంట్లో ఒక్క నిర్ణయంగా ఉన్నది పెద్దదాంట్లో వంద గీతలుగా మారింది. గోడలకు సున్నం వేసే బ్రష్షు మీకు అలవాటే కదా, పెద్ద భాగాలన్నీ అలాంటి వెడల్పు బ్రష్షులతో, నిలబడి, భుజం నుంచి చెయ్యి తిప్పుతూ వేయండి.

ఇక పసుప్పచ్చ సంగతి. ఎండ రంగు ఒక్క పసుపులోంచే రాదు. మీ స్టడీని మళ్ళీ చూడండి. సగం బోర్డు నీడే. ఆ నీడ నల్లగా లేదు, కాస్త నీలం, కాస్త వంకాయ రంగు కలిసిన బూడిద రంగు. దాని పక్కన ఉంది కాబట్టే ఆ గోడ మీద ఉన్నది ఎండలా కనిపిస్తోంది. పెద్దదానికి వివరాల కోసం ఫోను ఫోటో పెట్టుకున్నానన్నారు. ఎండా నీడా రెండూ ఉన్న చోట ఫోను నీడను దాదాపు నల్లగా చేసేస్తుంది, లేదా ఎండను తెల్లగా కొట్టేస్తుంది. మీరు ఆ నల్ల నీడను తీసుకున్నారు, ఎండ చాల్లేదనిపించి ఎల్లో పెంచుకుంటూ పోయారు. అదీ ట్యూబ్‌లైటు కింద. ఆ వెలుతుర్లో కలిపిన రంగు పొద్దున చూస్తే వేరేగా ఉండటంలో ఆశ్చర్యం లేదు. రంగులు పగటి వెలుతుర్లో కలపండి. ముఖ్యమైన నాలుగైదు రంగులు ఒకేసారి ఎక్కువ మొత్తంలో కలిపి పెట్టుకోండి. కాన్వాసు విస్తీర్ణం మీ స్టడీకి డెబ్బై రెండు రెట్లు, మధ్యలో రంగు అయిపోయి మళ్ళీ కలిపితే ఆ రంగు రాదు. కలిపిన రంగును కత్తి కొసన తీసుకుని స్టడీ పక్కన పెట్టి చూడండి. రెండూ కలిసిపోయినట్టు కనిపించేదాకా కాన్వాసు మీద పెట్టొద్దు. స్టడీని నిజంగా వాడుకోవలసింది ఇందుకే.

స్టడీ అంటే పెద్ద బొమ్మకు చిన్న నమూనా అని మీరనుకుంటున్నారు, అందుకే గళ్ళు గీసి పెంచుతున్నారు. స్టడీలో ఉన్నది ఒక్క ప్రశ్నకు జవాబు. ఆ సాయంత్రం ఆ గోడ మీద ఎండకూ కింది నీడకూ మధ్య తేడా ఎంత? మీ ముక్క ఆ ఒక్కటే చెప్తోంది, బ్రహ్మాండంగా చెప్తోంది. తలుపు చట్రం ఎలా ఉంది, కొట్టు ముందు అరుగు ఎత్తెంత, గోపురం ఎన్ని అంతస్తుల తర్వాత సన్నబడింది, ఇవేవీ అందులో లేవు. లేని వివరాన్ని పెంచితే రాదు. దానికోసం మళ్ళీ వీధిలోకి పోవాలి, వేరే ప్రశ్నలతో.

పెద్ద వీధి బొమ్మలు వేసినవాళ్ళు చేసిన పని ఇదే. ఫ్రాన్సులో కైబాట్ అనే ఆయన 1877లో వానలో పారిస్ వీధిని ఏడడుగుల ఎత్తు, తొమ్మిదడుగుల వెడల్పు కాన్వాసు మీద వేశాడు. దానికి ముందు చిన్న ఆయిల్ స్కెచ్ ఉంది; దాంతో సరిపెట్టుకోలేదు, వీధి కోణాలకు విడిగా పెన్సిలు గీతలు, గొడుగులు పట్టుకున్న మనుషులకు విడిగా బొమ్మలు గీసుకున్నాడు. సూరా అనే ఆయన 1884 నుంచి రెండేళ్ళు పట్టి ఏటి ఒడ్డున ఆదివారం జనాన్ని దాదాపు పదడుగుల వెడల్పున వేశాడు. దానికి ఆధారాలు అరచేతి వెడల్పు చెక్క ముక్కలు, మీ హార్డ్‌బోర్డు ముక్కల్లాంటివే. కొన్నింటిలో మనుషులే లేరు, గడ్డి మీద పడ్డ నీడ ఒక్కటే ఉంది. ఇంగ్లండులో కాన్‌స్టబుల్ తన ఆరడుగుల బొమ్మలకు ముందు, అదే ఆరడుగుల కొలతలో ముతకగా ఇంకో ఆయిల్ బొమ్మ వేసి చూసుకునేవాడు. చిన్నదాంట్లోంచి ఒక్క దూకున పెద్దదాంట్లోకి పోలేమని ఆయనకు తెలుసు. కాన్వాసు ఖర్చు మీకు భారం కాబట్టి అంత అక్కర్లేదు. పద్దెనిమిదికి ఇరవై ఏడు అంగుళాలది ఒకటి మధ్యలో వేయండి. కొలత అదే నిష్పత్తి. అక్కడ ఎండ నిలిస్తే పెద్దదాంట్లోనూ నిలుస్తుంది.

వీధిలోకి మళ్ళీ పోయేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోండి. మీ స్టడీ ఏప్రిల్‌ది. అప్పుడు సూర్యుడు పడమరకు కాస్త ఉత్తరంగా దిగుతాడు. ఇప్పుడు కార్తీకం, బాగా దక్షిణంగా దిగుతున్నాడు. అదే గోడ, అదే వేళ, నీడ మాత్రం వేరే వైపు నుంచి పడుతుంది. ఏప్రిల్ ఎండనూ నవంబరు నీడనూ ఒకే బొమ్మలో కలిపితే ఎక్కడో ఏదో అబద్ధమని చూసేవాళ్ళకు తెలుస్తుంది, ఎందుకో చెప్పలేకపోయినా. ఏప్రిల్ ఎండే ఉంచుకుంటే, ఇప్పుడు వీధిలో గీతలు, కొలతలు, మనుషులు మాత్రమే తెచ్చుకోండి, వెలుగునీడలకు పాత ముక్కే ఆధారం. లేదూ ఇప్పటి వెలుతురే తీసుకుంటానంటే, కొత్త స్టడీలు వేసుకోవాలి, మధ్యలో తుపాను వానలు అడ్డొస్తాయి, సంక్రాంతి దాటే ప్రమాదం ఉంది. నాకైతే మొదటిదే మేలనిపిస్తోంది, ఆ ఏప్రిల్ ముక్క అంత బాగుంది కాబట్టి.

పెద్దదాంట్లో నలుపు, ముదురు రంగులు మచ్చలు మచ్చలుగా వెలిసిపోయాయని రాశారు. కాన్వాసుకు గోడల ప్రైమరు పూశానన్నారు కదా, అది నూనెను పీల్చేసింది. ఆర్టు షాపుల్లో దొరికే గెస్సో, అంటే కాన్వాసుకు పూసే తెల్ల ప్రైమరు, రెండు మూడు పూతలు వేసి, మధ్యమధ్య సన్న ఉప్పుకాగితం పట్టండి. మొదటి పొరలో టర్పెంటైన్ ఎక్కువ, పై పొరల్లో లిన్సీడ్ ఆయిల్ ఎక్కువ. తిరగేస్తే పై పొర ముందే బిగుసుకుని, తర్వాత కింది పొర కదిలినప్పుడు బీటలిస్తుంది. ఎనామిల్ రాత్రికి రాత్రి ఆరినట్టు ఇది ఆరదు. అంబర్ అనే మట్టి గోధుమ రంగులు ఒకటి రెండు రోజుల్లో ఆరతాయి, టైటానియం తెలుపు ఇంకా ఎక్కువ రోజులు తీసుకుంటుంది. గడువు లెక్కేసేటప్పుడు ఇది కలుపుకోండి.

డాక్టరుగారి రెండు కోరికల గురించి. తీగలు తీసేయొచ్చు, కానీ అన్నీ తీయొద్దు. గోపురం వైపు సాగిపోయే ఒకటి రెండు తీగలు దూరాన్ని చెప్తాయి, అవి ఉంటేనే ఆకాశం ఆకాశంలా ఉంటుంది. నాన్నగారి బోర్డు విషయంలో జాగ్రత్త. బొమ్మలో చదవగలిగే అక్షరం ఎక్కడున్నా కన్ను ముందు అక్కడికే పరిగెత్తుతుంది, గోపురాన్ని వదిలేసి. అక్షరాలు మీకు ఎంత బాగా వచ్చో తెలుసు కాబట్టే చెప్తున్నాను, దాన్ని నీడలోకి నెట్టి, దగ్గరకెళ్తే చదవగలిగేలా, దూరం నుంచి ఒక రంగు పట్టీలా ఉంచండి. కొడుకు రోజూ దాని పక్క నుంచి నడుస్తాడు, ఆయనకు కనపడుతుంది.

బామ్మర్ది మాట. ప్రింటు మీద బ్రష్షు తిప్పిన బొమ్మను, అది ప్రింటేనని చెప్పి, దాని ధరకు అమ్మితే తప్పేం లేదు. చెప్పకుండా ఇస్తే, ఆసుపత్రి హాల్లో ఏ కిటికీ వెలుతురో పక్క నుంచి పడ్డ రోజు ఎవరో ఒకరు కనిపెడతారు. ఆ తర్వాత నెల్లూరులో మీరు చేత్తో వేసిందాన్ని కూడా నమ్మరు. అన్నిటికన్నా ముందు, ఆ బొమ్మ పక్కన మీరు నిలబడలేరు. ఈ దారి వద్దనే నా మాట. బామ్మర్దితో గొడవ మాత్రం వద్దు, అప్పుల్లో ఉన్న బావ గురించి ఆలోచించే చెప్పాడు.

మీ ఆవిడ మాటలో చాలా న్యాయం ఉంది. పెళ్ళిళ్ళ సీజన్లో పొద్దున పూట ఆర్డర్లు పోతే మిషను వాయిదా ఎవరు కడతారు? అయితే ఒకటి గమనించారా, డాక్టరుగారి బొమ్మ సాయంత్రం వెలుతురుది. దానికి మీ పొద్దుట్లు అక్కర్లేదు. సంక్రాంతి వరకూ పొద్దుటి పూటలు షాపుకు ఇచ్చేయండి, సాయంత్రం ఓ గంట మీకు వదలమని అడగండి. ధనుర్మాసం వస్తే ముహూర్తాలుండవు, కొత్త సంవత్సరం శుభాకాంక్షల ఫ్లెక్సీల వరకే ఒత్తిడి ఉంటుంది. ఆ నెల్లోనే పగటి వెలుతుర్లో కాన్వాసు పని పెట్టుకోండి. ఇదంతా ఆమెతో కూర్చుని, క్యాలెండరు ముందు పెట్టుకుని మాట్లాడండి. మిమ్మల్ని ఆపాలని ఆమె అనుకోవడం లేదు, ఇల్లు ఎలా గడుస్తుందో తెలియక భయపడుతోంది.

అమ్మకం గురించి కూడా ఆమెతో కలిసే తేల్చుకోండి. స్టడీలన్నీ పరిచి చూడండి. కొన్ని ఏదో ఒక ప్రశ్నకు జవాబు చెప్తాయి, వాటి మీద పెద్ద బొమ్మ వేయాలని చేతులు లాగుతుంటాయి. అవి అమ్మొద్దు, ఫోటో తీసి ఉంచుకున్నా ఆ రంగు దొరకదు. తక్కినవి చూడముచ్చటగా ఉంటాయి, వాటిలో మీకు తెలుసుకోవాల్సింది ఇంకేం లేదు. అవి అమ్మండి, సంతోషంగా అమ్మండి. ఇంట్లోకి డబ్బు వస్తుంది, ఊళ్ళో నాలుగిళ్ళలో మీ వీధులుంటాయి. ఏది ఏ కుప్పలోకో తేల్చలేకపోతే ఇప్పుడే అమ్మొద్దు, ఈ పెద్ద బొమ్మ అయ్యాక తెలుస్తుంది.

ఇక డాక్టరుగారు. ఆయన ముందు మీరు పెట్టగలిగిన దారులు కొన్నున్నాయి. అదే కొలత, ఉగాది దాకా గడువు: మీకు ఊపిరి తీసుకునే వీలుంటుంది, ఆయన హాలు ఇంకో రెండు మూణ్ణెల్లు ఖాళీగా ఉంటుంది, ఒప్పుకోకపోవచ్చు. మూడడుగులకు నాలుగడుగులు, సంక్రాంతికే: మీ స్టడీ నిష్పత్తి అచ్చంగా అదే, చేర్చాల్సిన ఇల్లు లేదు, పని కూడా సగమవుతుంది, డబ్బు కొంత తగ్గించుకోవాలి. పెద్ద బొమ్మ బదులు ఆ పేట వీధుల చిన్న బొమ్మలు కొన్ని కలిపి ఒకే ఫ్రేములో: ఇది ఆయనకు నచ్చినా నచ్చొచ్చు, గోడ కూడా నిండుతుంది, మీ పెద్ద బొమ్మ కోరిక మాత్రం వాయిదా పడుతుంది, అమ్మకూడదనుకున్న ముక్కల్లో కొన్ని పోతాయి. అడ్వాన్సు తిరిగివ్వడం చివరిది. ఇస్తే మనసు తేలికవుతుంది, కానీ ఇరవై వేలు చేతిలో ఉన్నాయా అన్నది మీరు రాయలేదు. కాన్వాసులకు కొంత ఖర్చయి ఉంటుంది కూడా. నా మొగ్గు మూడుకు నాలుగు వైపు. మీ ఇంటి లెక్క మీకు తెలుసు, మీరే తేల్చండి. ఏదైనా మూడో కాన్వాసు బిగించకముందే, ఈ వారంలోనే ఆయన్ను కలిసి చెప్పండి. సంక్రాంతికి పది రోజుల ముందు చెప్తే ఏ దారీ మిగలదు.

చిన్న బొమ్మలకే పనికొస్తానా అన్నారు. రోజంతా షాపులో నిలబడి, రాత్రి ట్యూబ్‌లైటు కింద, సరిపోని కొలత కాన్వాసు మీద, పీల్చేసే ప్రైమరు మీద వేసిన రెండు బొమ్మలు ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేవు. పైన చెప్పినట్టు ఒకటి వేశాక మీరే చూస్తారు. ఒకవేళ అప్పుడు కూడా చిన్నవాటిలోనే మీకు ప్రాణం కనపడితే? 1826లో కొరో అనే ఫ్రెంచి చిత్రకారుడు ఇటలీలో నార్ని అనే ఊరి దగ్గర కూలిన పాత వంతెనను చిన్నగా వేసుకున్నాడు. ఆ తర్వాత దాని ఆధారంగానే ప్యారిస్ ప్రదర్శనకు పెద్దది వేశాడు, ముందు భాగంలో చెట్లు, దారి పొందిగ్గా అమర్చి. పెద్దది ఇవాళ కెనడాలో ఉంది, చిన్నది ప్యారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూసిన చాలామంది చిన్నదాన్నే ఎక్కువ ఇష్టపడతారు, నేనూ అంతే. వీలు చూసుకుని రాజమండ్రి పోయి దామెర్ల రామారావు గ్యాలరీ చూసి రండి. ఇరవై ఎనిమిదేళ్ళైనా నిండకుండానే 1925లో పోయిన మనిషి. నిండు బొమ్మలతో పాటు ఆయన స్కెచ్చులూ అక్కడున్నాయి. ఫోనులో చూసి తెలుసుకోలేనిది అక్కడ అడుగు దూరంలో నిలబడి తెలుసుకోవచ్చు, బ్రష్షు ఎక్కడ ఆగిందో, ఎక్కడ వదిలేశాడో.

ఇంకొకటి, బొమ్మతో సంబంధం లేకపోయినా చెప్పక తప్పదు. లిన్సీడ్ ఆయిల్ తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి షాపు మూలన పడేస్తున్నానని మాటవరసకు రాశారు. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. కుప్పగా ఉన్న గుడ్డలు వాటంతటవే అంటుకోవచ్చు. ఫ్లెక్సీ రోల్సు, ఇంకు డబ్బాలు ఉన్న చోట అది చాలా ప్రమాదం. ఈ రాత్రే వాటిని బయటికి తీసి తీగ మీద విడివిడిగా ఆరేయండి, లేదా నీళ్ళు పోసిన మూత డబ్బాలో వేయండి.